తీరిక – ప్రయోజనం – వాటా: నిత్యజీవన వినోదంపై ఒక నైతిక పరిశీలన

వ్యాస సంగ్రహం

తీరిక వేళ ఆడే ఆటకు, వేసే బొమ్మకు, చదివే నవలకు ఏదో ఒక ప్రయోజనం ఉండి తీరాలా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. తీరికను సూచించే తెలుగు మాటలు, ఇంటి ఆటలు, ప్రాచీన కావ్యసందర్భాలు, పి.సత్యవతి కథ ‘ఇల్లలకగానే’, గ్రంథాలయోద్యమం, స్త్రీల నవలాపఠనం ఇందుకు ఆధారాలు. తీరిక వల్ల ఏమి ఒరుగుతుందని అడగడం కన్నా, అందులో ఎవరికి ఎంత వాటా దక్కిందని అడగడమే నైతికంగా సరైన ప్రశ్న అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: తీరిక, కాలక్షేపం, ఆట, వ్యాసంగం, ఇంటిచాకిరి, పఠనం.

1. ఉపోద్ఘాతం

పని లేని సమయాన్ని మనిషి ఎలా గడపాలన్నది నీతిచింతనలో పాత ప్రశ్న. ఆ సమయం ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు అన్న ప్రశ్న దానికన్నా ముందు రావలసినది. అయినా చాలా సందర్భాల్లో అది వెనుకే మిగిలిపోయింది. ఈ రెండు ప్రశ్నల మధ్య సంబంధాన్ని ఒక సాధారణ దృశ్యం స్పష్టం చేస్తుంది.

సెలవురోజు మధ్యాహ్నం వసారాలో సుద్దముక్కతో వరుసకు అయిదేసి చొప్పున ఇరవై అయిదు గళ్లు గీసి, నాలుగు గవ్వలతో అష్టాచెమ్మా ఆడే కుటుంబాన్ని ఊహించవచ్చు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, బోర్లా పడితే అష్టా. ఆ గళ్ల ముందు వయసు, సంపాదన, చదువు లెక్కకు రావు. తాత కాయను మనవరాలు చంపుతుంది, తాత నవ్వి మళ్లీ మొదటి గడి నుంచి బయలుదేరతాడు. అయితే ఆడుతున్న నలుగురిలో ఒకరు మాత్రం మధ్యమధ్య లేస్తూ ఉంటారు. పొయ్యి మీద పాలు పొంగుతాయి, వాకిట్లో ఎవరో పిలుస్తారు. “నా పందెం నువ్వు వెయ్యి” అని పక్కవారికి గవ్వలిచ్చి ఆ ఇంటి ఇల్లాలు లోపలికి వెళ్తుంది. ఆమె కాయలు ఆమె లేకుండానే గళ్లు దాటుతాయి. చివరకు ఆమె గెలిచినా గెలవవచ్చు. అప్పుడు ఆమె ఆడినట్టేనా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే తీరిక అంటే ఏమిటో ముందు నిర్ణయించుకోవాలి.

2. తీరికకు తెలుగు పేర్లు

‘తీరిక’, ‘తీరుబడి’ అనే మాటలు ‘తీరు’ అనే క్రియ నుంచి ఏర్పడినవి. పని తీరిన తరువాత మిగిలేది తీరిక. మాట నిర్మాణంలోనే ఒక షరతు ఉంది: ముందు పని పూర్తి కావాలి. పొలానికి కోత ఉంది, కచేరీకి మూసే వేళ ఉంది. కాబట్టి ఆ పనులు ఎప్పుడో ఒకప్పుడు తీరతాయి. ఇంటిపనికి అటువంటి ముగింపు లేదు. తోమిన గిన్నె రాత్రికి మళ్లీ అంటవుతుంది, ఉతికిన బట్ట రేపటికి మాస్తుంది. తీరిక అన్న పదాన్ని దాని అర్థానికి కట్టుబడి ప్రయోగిస్తే, ఇంటిపని చేసే వ్యక్తికి తీరిక ఎన్నటికీ రాదు. ‘ఊపిరి సలపని పని’ అన్న వాడుక అతిశయోక్తిగా కనిపించినా, పని తీరడమన్నది లేని స్థితిని అది ఉన్నదున్నట్టుగానే చెబుతుంది.

‘కాలక్షేపం’ చరిత్ర ఇంకా ఆసక్తికరమైనది. హరికథాకాలక్షేపం అన్నప్పుడు ఆ పదంలో గౌరవం ఉంది. వైష్ణవ సంప్రదాయంలో గురుముఖంగా గ్రంథాన్ని అధ్యయనం చేయడాన్ని కూడా కాలక్షేపమే అంటారు. అదే పదం నవలకు విశేషణమై ‘కాలక్షేప సాహిత్యం’ అయినప్పుడు నిందగా మారింది. కాలాన్ని గడపడమన్న అర్థం రెండు చోట్లా ఒకటే; గడిపేవారు మారారు, గడపడానికి ఎంచుకున్నది మారింది.

‘వ్యాసంగం’, ‘వ్యసనం’ అనే జంటలోనూ ఇటువంటి విభజనే కనిపిస్తుంది. పండితుడు రాత్రంతా తాళపత్రాలు తిరగేస్తే అది సాహితీవ్యాసంగం. అదే రాత్రంతా ఒక గృహిణి సీరియల్ నవల చదివితే అది నవలల పిచ్చి. చేస్తున్న పనికి ఉన్న విలువతో పాటు, చేస్తున్న వ్యక్తికి సమాజం ఇచ్చిన స్థానం కూడా ఈ పేర్లను నిర్ణయిస్తున్నది. తీరిక గురించిన నైతిక విచారణ ఈ పేర్లను యథాతథంగా స్వీకరించి మొదలు కాకూడదు.

3. ప్రయోజనదృష్టి, దాని పరిమితి

తీరికను సమర్థించేవారు సాధారణంగా ఎంచుకునే దారి ప్రయోజనం చూపడం. చదరంగం బుద్ధికి పదును పెడుతుందని, సంగీతం మనసుకు శాంతినిస్తుందని, వామనగుంటలు పిల్లలకు లెక్క నేర్పుతాయని చెబుతారు. ఇవి అసత్యాలు కావు. వామనగుంటల పీట మీద రెండు వరుసల్లో ఉన్న పద్నాలుగు గుంటల్లో చింతగింజలు పంచుతూ పోయే పిల్లకు, ఏ గుంట ఎత్తితే చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టే అలవాటు వస్తుంది. కానీ ఆ పిల్ల లెక్క నేర్చుకోవడం కోసం ఆడదు. అది తెలిసిన మరుక్షణం ఆట పాఠంగా మారి, ఆ పిల్ల పీట వదిలి లేచిపోయే అవకాశం ఉంది.

ప్రయోజనదృష్టి పరిమితిని పరమపద సోపానపటం బాగా చూపుతుంది. వైకుంఠపాళి అని కూడా పిలిచే ఈ ఆటలో నిచ్చెనలు పుణ్యగుణాలు, పాములు దుర్గుణాలు. వినోదం ద్వారా నీతి బోధించడం దాని ఉద్దేశం. అయితే కాయను నడిపేది పడిన పందెం మాత్రమే. ఆడేవాడు దానశీలి కావడం వల్ల నిచ్చెన ఎక్కడు, గర్విష్ఠి కావడం వల్ల పాము నోట పడడు. తరతరాల పిల్లలను ఆ పటం దగ్గర కూర్చోబెట్టినది గడుల్లో రాసిన నీతి కాదు, పెద్దపాము నోటి దాకా వెళ్లి తప్పించుకున్నప్పటి ఉత్కంఠ. నీతి పటం మీద ఉంది, ఆనందం ఆటలో ఉంది.

భారతీయ దర్శనంలో ఈ నిష్ప్రయోజనతకు ఉన్నతమైన స్థానమే లభించింది. పూర్ణుడైన ఈశ్వరుడికి తీరని కోరిక ఉండదు కదా, మరి సృష్టి ఎందుకు చేశాడన్న ప్రశ్నకు బ్రహ్మసూత్రాలు రెండవ అధ్యాయంలో లోకంలోని ఆటను పోలికగా చూపి లీల అని సమాధానమిస్తాయి. ఏ కొరతా లేనివాడు చేసే పనికి ఆటే తగిన ఉపమానమైంది. పాశ్చాత్యచింతనలో అరిస్టాటిల్ పనిని తీరిక కోసం చేసేదిగా భావించాడు. తీరికకు గ్రీకులు వాడిన మాట ‘స్కొలే’ నుంచే పాఠశాలను సూచించే ‘స్కూల్’ పుట్టింది. 1938లో వెలువడిన ‘హోమో లూడెన్స్’లో యోహాన్ హైజింగా సంస్కృతికి మూలమైన అంశంగా ఆటను నిరూపించే ప్రయత్నం చేశాడు. మరొకదానికి సాధనం కాకుండా తనంత తాను విలువైనది తీరిక అన్న భావన, భిన్నమైన దారుల్లో, ఈ ఆలోచనలన్నింటిలో కనిపిస్తుంది. ప్రస్తుత వ్యాసం ఈ భావనను అంగీకరిస్తుంది. అయితే దీనితో చర్చ ముగియదు.

4. తీరిక వెనుక శ్రమ

అరిస్టాటిల్ తీరికను కీర్తించిన ‘పాలిటిక్స్’ గ్రంథంలోనే, మగ్గపు నాడె తనంతట తాను నేయగలిగితే యజమానులకు బానిసలు అవసరం ఉండేది కాదన్న భావం ఉంది. పౌరుడి తీరిక బానిస శ్రమపై నిలిచిందన్న అంగీకారం ఈ మాటలో ఉంది. తీరిక స్వతంత్రమైన విలువ కావచ్చు, కానీ అది స్వయంపోషకం కాదు. దాని ఖర్చును ఎవరో ఒకరు భరిస్తారు.

తెలుగులో ఇందుకు మంచి ఉదాహరణ ‘క్రీడాభిరామం’. దాని కర్తృత్వం శ్రీనాథుడిదా, వినుకొండ వల్లభరాయుడిదా అన్న వివాదం ఎలా ఉన్నా, ఓరుగల్లు నగరంలో ఇద్దరు మిత్రులు ఒక రోజు గడిపిన తీరును చిత్రించిన ఈ వీథి నాటి వినోదాలకు విలువైన సాక్ష్యం. కోడిపందేలు, పొట్టేళ్ల పోరు, గానం, పూటకూటి ఇంటి భోజనం అందులో కనిపిస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ప్రజల ఆటపాటలను పునర్నిర్మించడానికి ఇటువంటి కావ్యాలనే ఆధారం చేసుకున్నారు. ఈ వర్ణనలను తీరిక దృష్టితో చదివితే మరొక సంగతి తెలుస్తుంది. మిత్రులిద్దరికీ వినోదమైన పల్నాటి వీరుల కథాగానం, దాన్ని పాడుతున్న స్త్రీకి జీవిక. వారికి రుచికరమైన భోజనం పూటకూటి ఇంటివారికి రోజువారీ చాకిరి. పాడిన స్త్రీ ఇంటికి చేరాక ఏమి చేస్తుందో కావ్యం చెప్పదు.

ఇతరుల జీవితం ఖర్చుగా మారిన ఆటకు పరాకాష్ఠ సభాపర్వంలోని ద్యూతం. ధర్మరాజు తన సంపదను, తమ్ములను, తనను, చివరికి ద్రౌపది‌ని ఒడ్డాడు. అప్పుడు ద్రౌపది వేసిన ప్రశ్న పాచికల నియమాల గురించి కాదు. తనను తాను ముందే ఓడినవాడికి మరొకరిని ఒడ్డే అధికారం ఎక్కడిదని ఆమె అడిగింది. ఆటకు వెలుపల ఉన్న వ్యక్తి, తన సమ్మతి లేకుండా, ఆట మూల్యాన్ని చెల్లించవలసి రావడం అన్యాయమన్నది ఆ ప్రశ్న సారాంశం. జూదం పరమైన ఈ తీవ్రరూపానికీ, వంటింటివైపు పదేపదే లేచి వెళ్లే ఇల్లాలికీ మధ్య తీవ్రతలో పోలిక లేదు. ఒకరి ఆటకు మరొకరు, ఎవరూ అడగకుండానే, ధర చెల్లించడం మాత్రం రెండింటిలోనూ ఉంది.

శ్రామికగేయాలను ఇక్కడ ప్రస్తావించడం అవసరం. బిరుదురాజు రామరాజు వంటి పరిశోధకుల కృషితో వెలుగులోకి వచ్చిన జానపదగేయాల్లో నాట్ల పాటలు, తిరుగలి పాటలు, రోకటి పాటలు విస్తారంగా ఉన్నాయి. శ్రమ, వినోదం వేరువేరు కావని, పనిలోనే పాట ఉందని వీటిని చూపి చెప్పడం పరిపాటి. ఈ మాటలో నిజం ఉంది, ప్రమాదమూ ఉంది. పాట పని అలసటను మరిపిస్తుంది, పదిమంది చేతులకు ఒకే లయనిస్తుంది. అంతమాత్రాన పాడేవారికి వేరే తీరిక అక్కరలేదని నిర్ధారించడం సరికాదు. బురదలో వంగి పాడిన పాటను అందరితో పాటు అరుగు మీద కూర్చుని వినే సాయంత్రం కూడా వారికి ఉండాలి.

5. నిమిషాల లెక్కకు అందనిది

భారతదేశంలో జాతీయ గణాంక కార్యాలయం 2019లో నిర్వహించిన కాలవినియోగ సర్వే ఈ చర్చకు తోడ్పడుతుంది. దాని ప్రకారం కుటుంబసభ్యుల కోసం వేతనం లేని ఇంటిపనుల్లో పాల్గొన్న స్త్రీలు 81.2 శాతం, పురుషులు 26.1 శాతం. పాల్గొన్నవారు ఆ పనులకు రోజుకు వెచ్చించిన సగటు సమయం స్త్రీల విషయంలో 299 నిమిషాలు, పురుషుల విషయంలో 97 నిమిషాలు. ఇది ఊహించదగినదే. ఊహించని సంగతి ఏమిటంటే, వినోదం, సంస్కృతి, ప్రసారమాధ్యమాలు, క్రీడల కోసం వెచ్చించిన సగటు సమయంలో స్త్రీపురుషుల మధ్య పెద్ద తేడా కనిపించదు.

ఈ అంకెను బట్టి తీరిక విషయంలో సమానత్వం వచ్చేసిందని భావించవచ్చా? అష్టాచెమ్మా దృశ్యాన్ని మళ్లీ గుర్తు చేసుకుంటే ఆ నిర్ధారణలోని లోపం తెలుస్తుంది. టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీసే గంట వినోదమా, పనా? అరగంట చొప్పున రోజును విభజించి నమోదు చేసే పద్ధతిలో ఆ గంట ఏదో ఒక పద్దులో చేరుతుంది. ఆ గంటలో ఎన్నిసార్లు లేచిందో, లేవవలసి వస్తుందేమోనని ఎంతసేపు చెవి వంటింటి వైపు పెట్టి కూర్చుందో ఆ పద్దుకు అందదు.

కాబట్టి తీరికను కేవలం కాలపరిమాణంగా నిర్వచించడం చాలదు. దానికి రెండు లక్షణాలు అవసరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మొదటిది తెగకపోవడం: ఆ సమయంలో మరొకరి పిలుపుకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఉండకూడదు. రెండవది మానుకోగలగడం: చేస్తున్నది చేయకుండా ఉండే స్వేచ్ఛ ఉండాలి. ఈ రెండూ ఉన్న పావుగంట, అవి లేని మూడు గంటల కన్నా తీరికకు దగ్గరగా ఉంటుంది. చేతిలోని ఫోన్ కారణంగా రాత్రి భోజనవేళ కూడా కార్యాలయం పిలుపుకు అందుబాటులో ఉండవలసి వస్తున్న నేటి ఉద్యోగికి, తెగే సమయం అంటే ఏమిటో ఇప్పుడు అనుభవంలోకి వస్తున్నది. ఇల్లాలికి అది తరతరాలుగా తెలిసిన అనుభవమే.

6. ‘ఇల్లలకగానే’: పోయిన పేరు, పోయిన బొమ్మలు

ఈ రెండు లక్షణాలకు కథారూపమైన నిదర్శనం పి.సత్యవతి రాసిన ‘ఇల్లలకగానే’. ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ కథ తెలుగు పిల్లలందరికీ పరిచితం. రచయిత్రి ఆ జానపదకథను ఒక చదువుకున్న గృహిణి జీవితంలోకి తెచ్చారు. ఇంటిని అద్దంలా ఉంచడంలో, అలికి ముగ్గులు పెట్టడంలో నిమగ్నమైన ఆమెకు ఒకనాడు తన పేరు గుర్తు రాదు. చుట్టూ ఉన్నవారికి ఆమె అమ్మ, అమ్మగారు, ఏమోయ్. చివరకు చిన్ననాటి స్నేహితురాలి వల్ల తన పేరు శారద అని తెలుస్తుంది.

ఈ కథను స్త్రీ అస్తిత్వచైతన్యానికి సంకేతంగా వ్యాఖ్యానించడం సముచితమే. దానితో పాటు గమనించవలసిన అంశం మరొకటి ఉంది. స్నేహితురాలు పేరు ఒక్కటే తిరిగి ఇవ్వలేదు. శారద చదువులో ముందుండేదని, పాటల పోటీలో గెలిచిందని, మంచి బొమ్మలు వేసేదని కూడా గుర్తు చేసింది. అంటే ఆ పేరు నిలిచి ఉన్నది వ్యాసంగాల మీద. బాధ్యతలు ఆమెను అమ్మగా, భార్యగా నిర్వచించాయి. ఆ పాత్రల్లో ఆమె స్థానంలో మరొకరు ఉన్నా అవే పిలుపులు ఉంటాయి. తనకు తోచి, తనకు నచ్చి చేసినవి మాత్రమే ఆమెను శారదగా మిగిల్చాయి. ప్రయోజనం లేనివని పక్కన పెట్టిన బొమ్మలే మనిషి ఎవరన్న ప్రశ్నకు సమాధానమయ్యాయి.

ముగ్గు విషయం కూడా ఇక్కడ ఆలోచింపజేస్తుంది. ముగ్గు కళ అన్నది నిర్వివాదం. చుక్కల లెక్క తప్పకుండా, గీత తెగకుండా మెలిక తిప్పడానికి చేయి తిరగాలి. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున వీధంతా పరిచే రథం ముగ్గులో పెట్టేవారి ఉత్సాహం కనిపిస్తుంది. కానీ జ్వరం వచ్చిన రోజు కూడా వాకిలి బోసిగా ఉండకూడదన్న నియమంతో పెట్టే ముగ్గు పనే. రెండు సందర్భాల్లోనూ పిండి ఒకటే, వేళ్లు ఒకటే. మానుకోగలగడం అనే లక్షణం ఒకదానిలో ఉంది, మరొకదానిలో లేదు. ఏ పని తీరిక, ఏది చాకిరి అన్న నిర్ణయం పని స్వరూపాన్ని బట్టి చేయలేమని ముగ్గు నిరూపిస్తుంది.

7. పఠనం: పడవ నుంచి పడకకుర్చీ దాకా

తెలుగువారి పఠనచరిత్రలోనూ ప్రయోజనం, తీరికల మధ్య ఈ ఘర్షణ ఉంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయం ఏర్పడింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి కృషితో విస్తరించిన ఆ ఉద్యమం పఠనాన్ని జ్ఞానానికి, జాతీయచైతన్యానికి సాధనంగా చూసింది. చదువు కొందరి సొత్తుగా ఉన్న కాలంలో ఆ దృష్టి అవసరమైనదే. అయితే ఆ ఉద్యమం సాధించిన వాటిలో ప్రయోజనదృష్టిని దాటిన ఘట్టం ఒకటి ఉంది. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువపై పడవ గ్రంథాలయం నడిపారు. పడవ ప్రయాణం నెమ్మదిగా సాగేది. దిగవలసిన రేవు వచ్చే దాకా ప్రయాణికుడికి చేయగలిగిన పని లేదు, అతన్ని పనికి పిలవగలిగినవారూ దగ్గర లేరు. ఆ సమయంలో చేతికి పుస్తకం అందించడమంటే, దొరికిన తీరికకు దొరకని పుస్తకాన్ని జత చేయడం.

తరువాతి దశాబ్దాల్లో వారపత్రికల సీరియళ్లు, అద్దె పుస్తకాల దుకాణాలు పఠనాన్ని మధ్యతరగతి ఇళ్లలోకి తెచ్చాయి. యద్దనపూడి సులోచనారాణి నవలలకు లభించిన ఆదరణలో గృహిణుల పాత్ర పెద్దది. మాలతీ చందూర్ ‘పాత కెరటాలు’ శీర్షిక ద్వారా ప్రపంచనవలలను ఇంటిముంగిటికి తెచ్చారు. ఈ పాఠకురాళ్లను గురించి వచ్చిన విమర్శలో రెండు వేర్వేరు వాదాలు కలగలిసి ఉన్నాయి. ఆ నవలల్లో చాలా వాటికి జీవితవాస్తవికత లేదన్నది మొదటిది. అది సాహిత్యవిమర్శ, దాన్ని చర్చించవచ్చు. గృహిణులు నవలలతో కాలం వృథా చేస్తున్నారన్నది రెండవది. అది సాహిత్యవిమర్శ కాదు, ఒకరి కాలంపై మరొకరు ప్రకటించుకున్న అధికారం. మొదటి వాదం సరైనదైనా రెండవది దాని నుంచి సిద్ధించదు.

అమెరికాలో ప్రేమనవలల పాఠకురాళ్లను అధ్యయనం చేసిన జానిస్ రాడ్వే 1984 నాటి గ్రంథంలో, వారు కథను ఎంతగా ఇష్టపడ్డారో చదువుతూ కూర్చునే చర్యకు కూడా అంతగా విలువ ఇచ్చారని గుర్తించారు. భర్త, పిల్లల అవసరాల నుంచి కాసేపు వేరుపడి తమకోసం తాము ఉండటానికి పుస్తకం వారికి ఆధారమైంది. సమాజం వేరైనా ఈ పరిశీలన తెలుగు గృహిణి పఠనాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక పడకకుర్చీలో తెరిచిన పత్రిక, ఆ ఇంట్లో ‘ఇప్పుడు పిలవవద్దు’ అని నోటితో అనకుండా చెప్పగలిగిన ఏకైక మాట కావచ్చు.

8. అభ్యంతరాలు, సమాధానాలు

ఈ ప్రతిపాదనపై రెండు అభ్యంతరాలు రావచ్చు. తీరికను న్యాయంతో ముడిపెడితే దాని స్వేచ్ఛ పోదా అన్నది మొదటిది. గవ్వలు వేసే ప్రతిసారీ వంటింట్లో ఎవరున్నారని ఆలోచించేవాడు ఆడలేడు కదా? దీనికి సమాధానం, నైతికబాధ్యత ఆట లోపల కాక ఆటకు ముందు ఉంటుందన్నది. గళ్లు గీయడానికి ముందే పనులు పంచుకుంటే, పాలు దించే వంతు అందరికీ తిరిగి వస్తే, కూర్చున్నాక ఎవరూ ఏమీ ఆలోచించనక్కర లేదు. న్యాయం ఆటను బరువెక్కించదు, నిశ్చింతగా ఆడనిస్తుంది.

కూడు, గూడు లేనివారు ఇందరుండగా తీరికను హక్కుగా చర్చించడం విలాసం కాదా అన్నది రెండవ అభ్యంతరం. ఇది తేలికగా కొట్టివేయదగినది కాదు. ఆకలి తీరడం అన్నిటికన్నా ముందు. అయితే 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతిని, తీరికను హక్కుగానే గుర్తించింది. అదే సంవత్సరం భారతదేశంలో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం కార్మికుడి పనివేళలకు వారానికి 48 గంటల పరిమితిని, వారపు సెలవును నిర్దేశించింది. పేదలకు పని ఉంటే చాలు, తీరిక ఎందుకన్న వాదం మనిషిని పనిముట్టుగా చూస్తుంది. ఆ చట్టం పరిధిలోకి రాని వ్యవసాయకూలీ, ఇళ్లలో పనిచేసే స్త్రీ, స్వంత ఇంట్లో పనిచేసే గృహిణి విషయంలో వారపు సెలవు ఇప్పటికీ ఎవరో దయతలచి ఇచ్చేదిగానే ఉంది. విలాసమన్న మాట ఎక్కువగా ఎవరి తీరిక విషయంలో వినిపిస్తుందో గమనిస్తే ఈ అభ్యంతరం సగం బలం కోల్పోతుంది.

9. ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. ఒకటి: తీరిక మరొక ప్రయోజనానికి సాధనం కానక్కర లేదు, దాన్ని ప్రయోజనంతో సమర్థించబోతే దాని స్వభావమే మారిపోతుంది. రెండు: తీరికను నిమిషాలతో కొలవడం చాలదు, తెగకపోవడం, మానుకోగలగడం దాని లక్షణాలు. మూడు: ఒకరి తీరిక మరొకరి శ్రమపై నిలుస్తుంది కాబట్టి, నీతి అడగవలసినది తీరిక ఫలితాన్ని కాదు, పంపకాన్ని.

ఉపోద్ఘాతంలోని ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు. ఆ ఇల్లాలి కాయలు పండినా ఆమె ఆడినట్టు కాదు. ఆట అంటే కాయలు గమ్యం చేరడం కాదు, తన గవ్వలు తన చేతితో వేసి, ఏమి పడుతుందో తన కళ్లతో చూడటం. ఆమె బదులు పందెం వేయడానికి ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ సిద్ధంగానే ఉన్నారు. ఆమె బదులు లేచి పాలు దించడానికి ఎవరు సిద్ధపడతారన్న దానిపైనే ఆ మధ్యాహ్నం ఆమెకు తీరిక అవుతుందా, కాదా అన్నది ఆధారపడి ఉంది.